రాత్రి చదువుకు పడకకోటు, మూడో పాఠం: కూర్చుని తీసే కొలత, కత్తిరింపు, చంకముక్క

సుల్తాన్ బజారులో గానీ, సికింద్రాబాదు జనరల్ బజారులో గానీ 2 మీటర్ల నూలు ఫ్లానెల్ తెచ్చి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, నీడన ఆరవేసి, ఇస్త్రీ చేసి ఉంచుకున్నవారు ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. ఉతకడం వాయిదా వేసినవారు మాత్రం ఇవాళ కత్తెర ముట్టవద్దు. నేను తెచ్చిన ముక్క మొదటి ఉతుకులోనే పొడవున 3 అంగుళాలకు పైగా కుంచించుకుపోయింది. కుట్టిన తర్వాత అదే జరిగి ఉంటే కోటూ, చేతులూ పొట్టివైపోయేవి. ఈ పాఠంలోని లెక్కలన్నీ ఉతికిన తర్వాత మిగిలే 44 అంగుళాల పన్నాకు, అంటే గుడ్డ అడ్డం వెడల్పుకు, వేసినవి.

జాకెట్టు అనగానే మన ఇళ్లలో రవికే గుర్తుకు వస్తుంది కనుక, చలిరాత్రుల్లో మంచం మీద కూర్చుని చదువుకునేటప్పుడు తొడుక్కునే ఈ బెడ్ జాకెట్టును మొదటి పాఠం నుంచి పడకకోటు అనే వ్యవహరిస్తున్నాను. ఆ తేడా మాటకే పరిమితం కాదు, కొలతలోనూ ఉంది. రవికకు నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదలమని చెప్పి కొలత తీస్తారు. మనం కుట్టబోయే కోటును మాత్రం మంచం తలాపికి దిండు ఆనించి కూర్చుని, మోచేతులు వంచి, పుస్తకాన్ని రొమ్ము ఎత్తున పట్టుకున్న మనిషి తొడుక్కుంటారు. ఆ భంగిమలో వీపు వెడల్పవుతుంది, చేతులు ముందుకు సాగుతాయి, చంక కింద గుడ్డ పైకి లాగుతుంది. నుమాయిష్‌లో మోజుపడి కొన్న కాశ్మీరు శాలువా ఎంత వెచ్చగా ఉన్నా, పుట తిప్పిన ప్రతిసారీ ఒక భుజం మీది నుంచి జారిపోతుందని కదా ఈ కోటు మొదలుపెట్టాము. కోటు కూడా పుట తిప్పినప్పుడల్లా లాగుతూ ఉంటే దానికి శాలువాయే నయం.

కాబట్టి కొలతలు మంచం మీదనే తీయాలి. మీరు రాత్రిపూట చదివే పుస్తకాన్నే చేతిలోకి తీసుకోండి; ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న లావుపాటి నవల అయితే మరీ మంచిది, ఎందుకంటే బరువున్న పుస్తకం మోచేతులను అసలు ఉండే చోటికి దించుతుంది. మెడ వెనుక పొడుచుకొని తగిలే ఎముక నుంచి పరుపు దాకా టేపు పెట్టించుకోండి. నాకు 24 అంగుళాలు వచ్చింది. అందులోంచి 2 అంగుళాలు తగ్గించి, కోటు పొడవు 22గా నిర్ణయించుకున్నాను. పరుపును తాకేంత పొడవుంటే మనం దాని మీదనే కూర్చుంటాము, ముందుకు వంగగానే మెడ దగ్గర ఉరి బిగిసినట్లు ఉంటుంది. నడుము కింది భాగాన్ని దుప్పటి చూసుకుంటుంది. రెండో కొలత అదే ఎముక నుంచి భుజం మీదుగా, వంచిన మోచేతి మీదుగా మణికట్టు దాకా తీయాలి. నాకు 29 వచ్చింది. చేయి చాచి కొలిస్తే ఇది తగ్గుతుంది, ఆ తగ్గిన మేరకు రేపు మణికట్టు చలికి బయటపడుతుంది. ఛాతీ చుట్టుకొలత మామూలుగానే తీసుకోండి. ఇక్కడ ఉదాహరణకు 36 అనుకుందాము.

ఇప్పుడు కత్తిరింపు. ఫ్లానెల్ నుంచి ముందుగా 46 అంగుళాల పొడవు ముక్కను వేరు చేయండి. దానిని పన్నా సగమయ్యేలా అంచు మీద అంచు వేసి నిలువుగా ఒక మడత, తర్వాత పొడవు సగమయ్యేలా అడ్డంగా ఒక మడత వేయాలి. ఇప్పుడు 22 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవు గల నాలుగు పొరల ముక్క మీ ముందు ఉంటుంది. పై మడత భుజం, పక్క మడత నడిమధ్య గీత, ఆ రెండూ కలిసే మూల మెడ. ఈ కోటుకు భుజం కుట్టు లేదు, చేయి విడిగా ఎక్కించే పనీ లేదు; కొత్తగా నేర్చుకునేవారిని ఏడిపించేవి ఆ రెండే.

నడిమధ్య మడత నుంచి 12 అంగుళాలు కొలిచి సుద్దతో నిలువు గీత గీయండి. ఛాతీలో నాలుగో వంతు 9, వదులుకు రెండున్నర, కుట్టుకు అర అంగుళం కలిపితే వచ్చిన లెక్క అది. భుజం మడత నుంచి 9 అంగుళాలు కిందికి దిగి, ఆ గీతను తాకిన చోటు చంక మూల. అక్కడి నుంచి చేయి చివరకు, అంటే పన్నా అంచుకు, ఏడున్నర లోతుకు చేరేలా వాలు గీత గీయండి. చంక మూల కింది నిలువు గీత మీదా, ఈ వాలు గీత మీదా నాలుగు పొరలూ కలిపి కత్తిరించండి. మెడకు భుజం మీద రెండున్నర అంగుళాల వెడల్పు, ముందువైపు 3 అంగుళాల లోతు చాలు. వెనుక మెడను మాత్రం అస్సలు తవ్వవద్దు, మడతను ఆ రెండున్నర మేర చీల్చితే సరిపోతుంది. డిసెంబరు రాత్రి గోడ చల్లదనం మొదట తగిలేది అక్కడే. చివరగా పై రెండు పొరలను మాత్రమే విడదీసి పట్టుకుని, ముందుభాగపు నడిమధ్య మడతను మెడ నుంచి కింది దాకా చీల్చండి. నాలుగు పొరలూ కలిపి కత్తెర వేస్తే వీపు రెండుగా విడిపోతుంది. ఒకసారి నేను ఆ పని చేసి, వీపు మీద అతుకు వేసి, అది ఫ్యాషనని ఇంట్లో చెప్పుకున్నాను.

చేయి ఇలా మణికట్టు దాకా రాదు కనుక 15 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు గల రెండు ముక్కలను అతకాలి. ఒకే వరుసలో ఆ రెండూ కత్తిరించాక పన్నాలో 14 అంగుళాలు మిగులుతుంది. ఆ మిగులులోంచే నాలుగుంబావు అంగుళాల చదరపు ముక్కలు రెండు తీయండి. అవే చంకముక్కలు.

వీటిని అనవసరమని తీసిపారేసే దర్జీలు ఉన్నారు. నా మొదటి కోటును మా వీధిలో ఒకరికి ఇస్తే, చంకముక్క పాతకాలపు పద్ధతి అని నవ్వి, దానిని మానేసి కుట్టారు. నిలబడి చూసుకుంటే చక్కగానే ఉంది. మంచం ఎక్కి పుస్తకం ఎత్తగానే కింది అంచు నాలుగు వేళ్లు పైకి లేచి, సరిగ్గా నడుము దగ్గర చలిగాలి దూరింది. చేయి లేపినప్పుడు కావలసిన అదనపు గుడ్డ ఎక్కడి నుంచో ఒకచోటి నుంచి రావాలి. చంకలో లేకపోతే నడుము నుంచి లాక్కుంటుంది.

చంక మూల నుంచి మెడ వైపుకు ఏటవాలుగా 4 అంగుళాల గీత గీయండి, ముందువైపు ఒకటి, వెనుకవైపు ఒకటి, రెండు చంకలకూ కలిపి నాలుగు. వెంటనే చీల్చవద్దు. గీత చివర ఉన్న బిందువు మీద పాత మల్లు గుడ్డ ముక్కను రూపాయి బిళ్ల అంత పెట్టి, గీతకు ఇరువైపులా, ఆ బిందువు దగ్గర కలిసేలా సన్న కుట్టుతో కోసుగా కుట్టండి. ఆ తర్వాతే ఆ రెండు కుట్ల మధ్య నుంచి చీల్చి, కొస కుట్టుకు ఒక్క పోగు దూరంలో కత్తెర ఆపాలి. అంతకంటే ముందుగా ఆగితే మూల ముడత పడుతుంది, కుట్టును దాటితే చిరుగుతుంది.

చేయి అతుకు వేశాక, పక్క కుట్టునూ చేయి కింది కుట్టునూ చంక మూలకు అర అంగుళం ఇవతలే ఆపండి. అక్కడ నాలుగు పలకల ఖాళీ ఏర్పడుతుంది. చదరపు ముక్క ఒక మూల ముందు చీలిక కొసకు, ఎదుటి మూల వెనుక చీలిక కొసకు, మిగిలిన రెండూ పక్క కుట్టుకూ చేయి కుట్టుకూ వచ్చేలా గుండుసూదులు పెట్టి, కచ్చా కుట్టు వేసుకోండి. మిషను మీద ఒక మూల నుంచి ఇంకొక మూలకు కుట్టి, సూదిని గుడ్డలోనే దించి ఉంచి, పాదం ఎత్తి, గుడ్డను తిప్పాలి. ఈ పనిలో తొందర పనికిరాదు. చేత్తో కుట్టినా తప్పు లేదు, నేను రెండో చంకను చేత్తోనే ముగించాను.

కుట్టు అయిన రాత్రే తొడుక్కుని మంచం మీద కూర్చోండి. పుస్తకం ఎత్తినప్పుడు కింది అంచు ఒక్క వేలు మందం మించి లేవకపోతే చంకముక్క కుదిరినట్లే. అంతకు మించి లేస్తే ముక్క చిన్నదై ఉంటుంది. విప్పి, చీలికను అర అంగుళం పెంచి, ముక్కను కూడా అంతే పెంచి మళ్లీ వేయండి. లోపలి లైనింగుకు వాడబోయే పాత నారాయణపేట చీరను ఈలోగా ఉతికి ఉంచుకోండి, దాని అంచును మాత్రం వేరు చేయవద్దు. వచ్చే పాఠంలో మెడపట్టీ దానితోనే వేయబోతున్నాము.