కుర్ర గుర్రం ముందు నడవడానికి గేదెను తయారుచేయడం

పశువుల్ని తోలే గుర్రాన్ని తయారుచేసేటప్పుడు సాధనకు వాడే ఆవుదూడలతో ఓ చిక్కుంది. నాలుగైదుసార్లు తిప్పేసరికి వాటికి విసుగొచ్చేస్తుంది. కంచెకు ఆనుకుని మొండికేస్తాయి, లేదంటే గుర్రాన్ని లెక్కచేయకుండా దూసుకుపోతాయి. మళ్లీ కొత్త దూడలు వెతుక్కోవాలి. గేదె అలా కాదు. పని ఒకసారి తలకెక్కిందంటే ఏళ్ల తరబడి అదే నడక, అదే మలుపు. రెండేళ్ల గుర్రానికి ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

నా మొదటి గేదెను మాత్రం చేతులారా పాడుచేసుకున్నాను. అరచేతిలో దాణా పెట్టి తినిపించాను, మెడ కింద గోకాను, మూడు నెలల్లో కుక్కపిల్లలా నా వెంట తిరిగింది. మురిసిపోయాను. తీరా గుర్రాన్ని దాని మీదికి తోలితే దున్నపోతు మీద వాన కురిసినట్టే. కదలకపోగా ఎదురొచ్చి గుర్రం రొమ్ము నాకింది. ఆ గరుకు నాలుక తగలగానే గుర్రం వెనక్కాళ్ల మీద లేచింది, నేను ఇసుకలో పడ్డాను. ఆ గుర్రం మళ్లీ గేదె దగ్గరికి రావడానికి నెల పట్టింది. గేదెకు మనమంటే బెదురు పోవాలి, పక్కకు జరిగే అలవాటు మాత్రం పోకూడదు. అందుకే ఇప్పుడు చేతితో ఏదీ తినిపించను. దాణా పని అయ్యాక, కొట్టంలో, తొట్టిలోనే.

ఏడాది, ఏడాదిన్నర వయసున్న పడ్డల్ని గాని, విత్తులు కొట్టించిన దున్నల్ని గాని తీసుకోండి. విత్తుల దున్న ఈ పనికి వద్దే వద్దు. కనీసం మూడు ఉండాలి, ఒంటరి గేదె తోడు కోసం కంచె చుట్టూ అరుస్తూ తిరుగుతుంది తప్ప నేర్చుకోదు. ఎంచుకునేటప్పుడు మందలోకి మెల్లగా నడిచి వెళ్లండి. అందరికంటే ముందు పరుగెత్తేది వద్దు. వాసన చూడ్డానికి మీదికొచ్చేది కూడా వద్దు. తలెత్తి, చెవులు మీవైపు తిప్పి, రెండడుగులు జరిగి, ఆగి వెనక్కి చూసేది ఉంటుంది చూడండి, అదే కావాలి.

కొమ్ములు చూసుకోండి. ముర్రా కొమ్ములు చుట్ట చుట్టుకుని ఉంటాయి కాబట్టి కొంత నయం. ఉత్తర ఆస్ట్రేలియాలో తిరిగే చిత్తడి నేలల జాతికి అవి పక్కలకు బారుగా సాగుతాయి. అలాంటివాటి మొనలు పశువైద్యుడితో తీయించాకే గుర్రం దగ్గరికి తేవాలి.

గుండ్రటి దొడ్డి, అడ్డంగా 50, 60 అడుగులు, కింద ఇసుక. కంచె ఎత్తు గురించి అందరూ ఆలోచిస్తారు గాని గేదె సాధారణంగా కంచె దూకదు, మూతి కింద దూర్చి మెడతో పైకెత్తుతుంది. కింది కమ్మీ గట్టిగా ఉండాలి.

మొదటి రెండు వారాలు గుర్రం ఊసే లేదు, మీరు నడిచే చేయాలి. ఎంత దగ్గరికొస్తే గేదె కదులుతుందో కనిపెట్టండి. ఆ హద్దు దగ్గర నిలబడి, దాని భుజానికి కాస్త వెనగ్గా అడుగేస్తే ముందుకు నడుస్తుంది. భుజానికి ముందుకు అడుగేస్తే ఆగుతుంది, ఇంకో అడుగేస్తే తిరుగుతుంది. అది కదిలిన మరుక్షణం మీరు ఒకడుగు వెనక్కి తగ్గాలి. దానికి ఇచ్చే బహుమతి అంతే. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, కదులుతోంది కదా అని ఇంకా తరుముతారు. ఎడమవైపు ఎంతసేపు చేస్తే కుడివైపూ అంతసేపు చేయండి. గేదె ఒకవైపే తిరగడానికి అలవాటుపడితే దానితో పనిచేసే గుర్రమూ అలాగే తయారవుతుంది.

మూతి పైకెత్తి, కొమ్ములు వెనక్కి వాల్చి, కళ్లార్పకుండా చూస్తుంటే అది టెన్షన్‌లో ఉన్నట్టు. ఆగిపోండి. దొడ్డి మధ్యలో మీరు నిలబడి ఉండగానే తీరిగ్గా నెమరు వేయడం మొదలెట్టిందా, ఇక గుర్రాన్ని తేవచ్చు.

ముందు బాగా పనితెలిసిన పెద్ద గుర్రంతో ఓ వారం. తర్వాత కుర్రదాన్ని తెచ్చి, గేదె వెనక ఊరికే నడిపించండి, పగ్గం వదులుగా. తను దగ్గరికెళ్తే అంత పెద్ద నల్లటి జంతువు జరిగిపోతోందని తెలిశాక గుర్రం చెవులు ముందుకు వస్తాయి, మెడ కిందికి దిగుతుంది. రెండు మూడు రోజులు అంతే చాలు. ఆ తర్వాతే పక్కపక్కన నడవడం, ఆగడం, తిరగడం. గేదెను గుర్రం నుదుటి కిందికి మాత్రం రానివ్వకండి. సరిగ్గా అక్కడ గుర్రానికి ఏమీ కనపడదు. పది, పదిహేను నిమిషాలు దాటొద్దు.

గేదెకు చెమట గ్రంథులు తక్కువ, తోలేమో నలుపు, ఎండను ఓర్చుకోలేదు. తెల్లవారుజామునే పని ముగించండి. నోరు తెరిచి సొంగ కారుస్తూ రొప్పితే అప్పటికే ఆలస్యమైంది, వెంటనే నీళ్లలోకి వదలండి. మామూలు రోజుల్లో మాత్రం అది గేటు పక్కన నిలబడ్డప్పుడు నీళ్లకు వదలను, ఎదుటి మూల నుంచి నేను తోలుకొచ్చాకే. లేకపోతే మర్నాటి నుంచి ధ్యాసంతా గేటు మీదే, నీళ్ల మీదే.

ఇంకో సంగతి, ప్రాణాల మీదికొచ్చేది. పశువుల దాణాలో కొన్నిటిలో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. గుర్రానికి అది కొద్దిపాటి మోతాదులోనే విషం, గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. సంచి మీది చీటీ చదవండి. మా దగ్గర గేదెల బకెట్లు నల్లవి, గుర్రాలవి నీలం. నల్ల బకెట్ గుర్రాల షెడ్డు గడప దాటదు, ఖాళీదైనా, కడిగిందైనా.