హాస్య సన్నివేశం రాద్దాం – 5వ పాఠం: పేరు గొడవ

పోయిన పాఠంలో ఇద్దరిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక వస్తువు కోసం వాదన పెట్టించాం. రాసింది ఒకసారి తీసి చదవండి. రెండో పేజీకి వచ్చేసరికి పాత్రలు జోకులు వేస్తున్నాయా? తను జోకు వేస్తున్నానని పాత్రకు తెలిస్తే సన్నివేశం చల్లబడుతుంది. దీనికి మందు ఇటలీ హాస్య నటుడు, దర్శకుడు మాస్సిమో త్రోయిసి దగ్గరుంది.

త్రోయిసి 1953లో నేపుల్స్ పక్కన సాన్ జోర్జో ఆ క్రెమానోలో పుట్టారు. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ జ్వరం గుండెను దెబ్బతీసింది. లెల్లో అరేనా, ఎంజో దెకారోలతో కలిసి 'లా స్మోర్ఫియా' బృందంగా స్టేజీ మీద, తర్వాత టీవీలో పేరు తెచ్చుకున్నారు. 1981లో తానే నటించి, దర్శకత్వం వహించిన మొదటి సినిమా 'రికొమించో ద త్రే' వచ్చింది. 'మూడు నుంచి మళ్లీ మొదలెడతా' అని అర్థం. జీవితంలో మూడు పనులు బాగానే కుదిరాయి, వాటిని పారేసుకుని సున్నా నుంచి ఎందుకు మొదలెట్టాలి అని హీరో గయెతానో లెక్క. ఆ లెక్కను అతను మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అందుకే మనకు నవ్వొస్తుంది.

ఇప్పుడు ఆ సినిమా చివర్లో వచ్చే సన్నివేశం చూద్దాం. గయెతానో ప్రేయసి మార్తా గర్భవతి. పుట్టబోయే బిడ్డకు మాస్సిమిలియానో అని పేరు పెడదామంటుంది. గయెతానో ఒప్పుకోడు. అంత పొడుగు పేరు తల్లి పిలవడం పూర్తయ్యేలోపు పిల్లాడు వీధి దాటి పోతాడు, ఇక మాట ఎప్పుడు వింటాడు? ఊగో అనే పేరైతే పిలవగానే ఆగిపోతాడు. కానీ అంత పొట్టి పేరైతే పాపం వాడికి ఊపిరి తీసుకునే టైమ్ కూడా ఉండదు! చివరికి చీరో అనే పేరు దగ్గర తేలతారు.

వాదనంతా పేరు మీదే. కానీ ఆ బిడ్డకు తండ్రి గయెతానోనో కాదో మార్తాకే తెలియదు. ఆ సంగతి ఇద్దరి మధ్యా ఉంది. పేరు గురించి అంత పట్టుదలగా మాట్లాడుతున్నాడంటే, ఆ బిడ్డను తన బిడ్డగా ఒప్పుకున్నాడన్నమాట. ఆ ఒక్క మాటా పైకి అనడు. నాకు ఈ సన్నివేశం ఎన్నిసార్లు చూసినా నవ్వుతో పాటు గొంతు పట్టేస్తుంది.

త్రోయిసి మాట తీరు కూడా గమనించండి. నేపుల్స్ యాసలో, సగంలో ఆగుతూ, అన్నమాటే మళ్లీ అంటూ, చేతులు కదుపుతూ మాట్లాడతారు. దీన్ని కాగితం మీదికి తేవాలని వాక్యానికో చుక్కల వరస పెట్టకండి. పాత్ర ఏ మాట దగ్గర భయపడుతుందో అక్కడ మాత్రమే ఆపండి. మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయండి. పుస్తక భాషలో తడబాటు పలకదు.

'ఇల్ పోస్తీనో' సినిమాలో ఆయన వేసిన పోస్ట్‌మ్యాన్ కూడా ఇలాగే మాటలు వెతుక్కుంటాడు. గుండె ఆపరేషన్ వాయిదా వేసుకుని ఆ సినిమా పూర్తి చేశారు. షూటింగ్ ముగిసిన కొన్ని గంటలకే, 1994 జూన్ 4న, 41 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆ పాత్రకు ఆస్కార్ నామినేషన్ ఆ తర్వాత వచ్చింది.

అభ్యాసం: భార్యాభర్తలు పెళ్లికి ఎన్ని కుర్చీలు అద్దెకు తేవాలని వాదించుకుంటున్నారు. అసలు సంగతి, కూతురు వెళ్లిపోతోందన్న దిగులు. రెండు పేజీలు రాయండి. 'కూతురు', 'దిగులు', 'ఏడుపు' అనే మాటలు ఎక్కడా రాకూడదు. కుర్చీల లెక్క మాత్రం తప్పకుండా తేలాలి. వచ్చే పాఠంలో ఈ రెండు పేజీలనే కోసి ఒక పేజీ చేద్దాం.