రాష్ట్ర సదస్సు కమిటీలో పని ఎక్కడ ఆగుతుంది? సమస్యలు - పరిష్కారాలు

డాక్టర్ల సంఘం రాష్ట్ర సదస్సు జిల్లా కేంద్రంలో జరిగితే దాన్ని నడిపేది సభ్యులే. పొద్దున ఆసుపత్రి, సాయంత్రం ఓపీ ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకి మీటింగుకి వస్తారు. కాకినాడలో జరిగిన మా సదస్సుకి నేను ఆర్గనైజింగ్ సెక్రటరీని. తర్వాత వేరే ఊళ్ళలో మరో రెండు సదస్సుల కమిటీల్లో ఉన్నాను. మూడుచోట్లా ఇబ్బందులు దాదాపు ఒకటే.

సమస్య: గ్రూపులో అందరూ సరే అంటారు, పని కదలదు

"హోటల్ గదులు ఎవరు చూస్తారు?" అని వాట్సాప్ గ్రూపులో అడుగుతాం. బొటనవేలు బొమ్మలు వరసగా పడతాయి. వారం పోయాక చూస్తే ఏ హోటల్‌కీ ఎవరూ ఫోన్ చేసి ఉండరు.

కారణం బద్ధకం కాదు. అందరినీ అడిగిన పనిని ఎవరూ తమదనుకోరు. ఆ బొమ్మకి అర్థం "చూశాను" అని, అంతే. మా ట్రాన్స్‌పోర్ట్ కమిటీకి ముగ్గురు కన్వీనర్లు. కాకినాడ బ్రాంచి లైను మీద ఉన్న ఊరు, మెయిన్ లైన్ రైళ్ళలో వచ్చేవాళ్ళు చాలామంది సామర్లకోటలో దిగాలి. ఉపన్యాసానికి పిలిచిన పెద్ద ప్రొఫెసర్ గారు తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ దిగారు. కారు ఇంకొకరు పంపుతారని ముగ్గురూ అనుకున్నారు. నేను వెళ్ళేసరికి ఐదున్నరైంది. ఆయన సూట్‌కేసు పక్కన పెట్టుకుని, మఫ్లర్ చుట్టుకుని ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పరిష్కారం: గ్రూపు సమాచారానికే వాడండి, పని ఫోన్‌లో అప్పగించండి. "సార్, శనివారంలోగా మూడు హోటళ్ళ రేట్లు కావాలి, మీకు కుదురుతుందా? కుదరకపోతే ఇప్పుడే చెప్పండి, ఏమీ అనుకోను." కాదనే వీలిచ్చి అడిగినప్పుడే అవునన్న మాట నిలబడింది. తర్వాత పని, పేరు, తేదీ ఒకే వరసలో రాసి గ్రూపులో పెట్టండి. పేరు ఒక్కటే ఉండాలి. ప్రతి అతిథికీ, టికెట్ తీసిన రోజు నుంచి తిరుగు రైలెక్కేదాకా, ఒకే మనిషి బాధ్యుడు.

సమస్య: బ్రోచర్ నిండా పదవులు, పనికి ఐదుగురు

ప్రభుత్వ డాక్టర్లు, ప్రైవేటు వాళ్ళు, సీనియర్లు, ఎవరినీ నొప్పించకూడదని కో-చైర్మన్ పదవులు పంచుతాం. గౌరవం వేరు, పని వేరు అని మొదటి మీటింగులోనే విడగొట్టకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. పెద్దలకు ప్యాట్రన్ (గౌరవ పోషకులు) హోదా ఇచ్చి, వాళ్ళు మాత్రమే చేయగల ఒక్క పని అడగండి. బయటి రాష్ట్రాల ప్రొఫెసర్లకు మేం రాసిన మెయిళ్ళకు నెలైనా జవాబు రాలేదు. ఒక రిటైర్డ్ మేడం గారు ఫోన్ చేస్తే ఒక్క సాయంత్రంలో నలుగురు ఒప్పుకున్నారు.

సమస్య: రెండో రోజుకి పీజీలు మాయం

వాలంటీర్లుగా వచ్చిన పీజీ విద్యార్థులు మొదటి రోజు సాయంత్రానికే నీరసపడతారు, మర్నాడు కనపడరు. "ఈ కాలం పిల్లలు ఇంతే" అనే మాట కమిటీలో తప్పకుండా వినిపిస్తుంది. దయచేసి ఆ మాట అనకండి. తప్పు డ్యూటీ లిస్టుది.

మా సదస్సులో మెడలో వాలంటీర్ బ్యాడ్జీతో, చేతిలో భోజనం కూపన్ల కట్టతో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి, "సార్, పదకొండుంపావుకి నా పేపరుంది, ఇవి ఎవరికివ్వాలి?" అని అడిగింది. అప్పటికే పదకొండు దాటింది. థీసిస్ కోసం ఏడాదికి పైగా కేసులు పోగుచేసుకుని, దాన్ని చదవడానికి వచ్చిన పిల్ల. ఉదయం ఆరింటి నుంచీ తనని కౌంటర్లో నిలబెట్టాం. కూపన్లు నేను తీసుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను.

డ్యూటీలు వేసేముందు సైంటిఫిక్ కమిటీ దగ్గర పేపర్లు, పోస్టర్ల టైంటేబుల్ తెచ్చుకోండి. ప్రెజెంటేషన్ ఉన్న పూట ఆ విద్యార్థికి ఏ పనీ వద్దు. షిఫ్టు నాలుగు గంటలు మించకూడదు. వార్డు డ్యూటీ మార్పు కోసం హెచ్‌ఓడీకి (విభాగాధిపతికి) సంఘం తరఫున ముందే ఉత్తరం పంపండి, విద్యార్థిని బతిమాలుకోనివ్వకండి. ఫీజు మినహాయించండి. ఫీజు కట్టి సదస్సుకి వచ్చిన డాక్టర్లతో, అంటే డెలిగేట్లతో పాటే భోజనానికి కూర్చోబెట్టండి. బ్యాగులు మోయడానికి కూలి మనుషులను పెట్టుకోవచ్చు, ఆ ఖర్చు పెద్దదేం కాదు.

సమస్య: హాలు దొరకదు, దొరికితే రేటు అందదు

ముహూర్తాల రోజుల్లో తేదీ పెట్టుకున్నాం కాబట్టి. పంచాంగం ముందు పెట్టుకుని తేదీ ఖాయం చేయండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి హాళ్ళు ఖాళీగా ఉంటాయి. పుష్యమైతే సంక్రాంతి వారం తప్పించండి, గోదావరి జిల్లాలకు అప్పుడు రైల్లో బెర్తు దొరకదు.

సమస్య: సదస్సు అయ్యాక క్రెడిట్ గంటల కోసం ఫోన్లు

మెడికల్ కౌన్సిల్‌లో డాక్టరు రిజిస్ట్రేషన్ రిన్యువల్‌కి, ఇలాంటి సదస్సులకు హాజరైతే వచ్చే క్రెడిట్ గంటలు ఐదేళ్ళలో 30 చూపించాలి. చాలామంది డెలిగేట్లు వాటికోసమే సెలవు పెట్టి వస్తారు. ఆ గంటల కోసం కౌన్సిల్‌కి దరఖాస్తు సైంటిఫిక్ కమిటీ పంపుతుందని డెలిగేట్ల పేర్లు నమోదుచేసే రిజిస్ట్రేషన్ కమిటీ వాళ్ళు, రిజిస్ట్రేషన్ వాళ్ళు పంపుతారని సైంటిఫిక్ వాళ్ళు ఉండిపోతారు. మెడికల్ కౌన్సిల్ పని మొత్తం ఒకరికే ఇవ్వండి: ముందస్తు దరఖాస్తు, ఫీజు, కౌన్సిల్ పంపే అబ్జర్వర్ గారి రాక, హాజరు పట్టీ మీద సంతకాలు, అన్నీ.

సమస్య: డబ్బు చాలదు

మందుల కంపెనీలు డబ్బు కట్టి స్టాళ్ళు పెడతాయన్న నమ్మకంతో ఖర్చులు ఒప్పేసుకోవడమే దీనికి కారణం. 2024 మార్చిలో వచ్చిన ఫార్మా మార్కెటింగ్ నియమావళి ప్రకారం, ఉపన్యాసకులకు తప్ప మిగతా డాక్టర్లకు కంపెనీలు ప్రయాణం, హోటల్ ఏర్పాటు చేయకూడదు. పాత సదస్సుల లెక్కలు చూసి బడ్జెట్ వేస్తే దెబ్బతింటాం. హాలు, భోజనం, సర్టిఫికెట్లు డెలిగేట్ ఫీజులోనే గట్టెక్కేలా మొదటి బడ్జెట్ వేయండి. స్టాల్ డబ్బు చేతికొచ్చాకే బాంక్వెట్, జ్ఞాపికల మాట ఎత్తండి. సదస్సుకి విడిగా ఖాతా తెరిచి, చెక్కు మీద రెండు సంతకాలు పెట్టించండి. జేబులోంచి ఖర్చుపెట్టిన వాలంటీరుకి, వంద రూపాయలైనా సరే, వారంలోగా ఇచ్చేయాలి. వాళ్ళంతట వాళ్ళు అడగరు, మొహమాటపడతారు. కాబట్టి ట్రెజరర్ గారే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, బిల్లులు అడిగి తీసుకోవాలి.