సాఫ్ట్‌వేర్ ఉంది, గిరాకీ పక్క షాపుకి పోతోంది: విశాఖ వ్యాపారులకు సమస్య - పరిష్కారం

ద్వారకానగర్‌లో బట్టల షాపు, ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటర్, పూర్ణా మార్కెట్‌లో టోకు కిరాణా, ఋషికొండ దారిలో చిన్న హోటల్. వ్యాపారం ఏదైనా ఇవాళ ఒక కంప్యూటర్, ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, కౌంటర్ మీద ఒక క్యూఆర్ స్టిక్కర్ ఉంటున్నాయి. అయినా యజమానులు అడిగేది ఒకటే: "ఇంత ఖర్చు పెట్టాం, మాకేటి ఒరిగింది?" అన్ని షాపులకూ పనికొచ్చే ఒకే జవాబు దీనికి లేదు. కింద చెప్పిన లక్షణాల్లో మీ దగ్గర కనిపించేది ఏదో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి సరిచేయబోతే ఏదీ పూర్తికాదు. ఎక్కడ గిరాకీ చేజారుతోందో అది ముందు.

లక్షణం: సాఫ్ట్‌వేర్ కొన్నాం, లాభం మాత్రం పెరగలేదు

కారణం పెద్ద రహస్యమేమీ కాదు, పక్క షాపులో కూడా అదే ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రిటర్నుల బాధ పడలేక దాదాపు అందరూ కంప్యూటర్ బిల్లుల్లోకి మారారు. 50 వేల రూపాయలు దాటిన సరుకు బయల్దేరితే ఈ-వే బిల్లు, అంటే రవాణా కోసం ఆన్‌లైన్‌లో తీసే పత్రం, ఉండాలి. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు ఇతర వ్యాపారులకు వేసే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తీయాలి, అంటే ఆ బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇవి లేకపోతే వ్యాపారం ఆగిపోతుంది. ఉన్నంత మాత్రాన ఎవరికన్నా ముందుకు పోయేదీ లేదు.

2003లో నికొలస్ కార్ అనే అమెరికన్ రచయిత ఇదే మాట అని పెద్ద దుమారం రేపాడు. అందరికీ దొరికే టెక్నాలజీతో ఎవరికీ ప్రత్యేకమైన బలం రాదన్నది ఆయన వాదన. నన్నడిగితే అది సగమే నిజం. సాఫ్ట్‌వేర్ ఎవరైనా కొనుక్కోవచ్చు, సరే. మీ పదేళ్ల బిల్లుల్లో ఉన్న సమాచారం మాత్రం పక్కవాడు ఎంత డబ్బు పెట్టినా కొనలేడు. దాన్ని వాడుకోనప్పుడే మీరూ అతనూ సమానం.

పరిష్కారం: కొత్త మాడ్యూల్ కోసం చెక్కు రాసే ముందు, మనం దేనితో గెలవాలో తేల్చుకోండి. మైకేల్ పోర్టర్ 1980ల్లో చెప్పిన మూడు దారులు ఇప్పటికీ పనికొస్తాయి: అందరికన్నా తక్కువ ఖర్చులో నడపడం, ఇతరుల దగ్గర లేనిది ఇవ్వడం, ఒక చిన్న వర్గాన్ని పట్టుకుని వాళ్లకి బాగా చేయడం. టోకు కిరాణాకి మొదటిది. అక్కడ సిస్టం పని గోడౌన్‌లో నిల్వ తగ్గించడం, వ్యాన్ సగం ఖాళీగా తిరగకుండా చూడటం. స్పేర్ పార్ట్స్ కౌంటర్‌కి రెండోది, అంటే అడిగిన వస్తువు అడిగిన నిమిషంలో చేతిలో పెట్టడం. ఆ ఒక్క పనికి తోడ్పడని ఫీచర్ ఎంత మెరిసినా పక్కన పెట్టండి.

లక్షణం: కంప్యూటర్‌లో ఉంది, రాక్‌లో లేదు. రాక్‌లో ఉంది, కంప్యూటర్‌లో లేదు

మిగతా రోగాలు చాలావరకు ఇక్కడి నుంచే పుడతాయి కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

బేరింగుల షాపులో ఐటెం మాస్టర్, అంటే సిస్టంలోని సరుకుల పేర్ల లిస్టు, తెరిచి 6205 అనే బేరింగ్ నంబరు కొట్టి చూడండి. లోపలి వ్యాసం 25 మి.మీ., బయటి వ్యాసం 52, వెడల్పు 15. మోటార్లలో, పంపుల్లో తెగ వాడే సైజు. లిస్టులో ఇలా కనిపిస్తుంది: 6205, బేరింగ్ 6205, 6205 జెడ్‌జెడ్, 6205-జెడ్‌జెడ్, 6205 2ఆర్ఎస్, 6205 రబ్బర్, 6205 జెడ్‌జెడ్ సీ3. పేర్లు ఏడు. అసలు సరుకు నాలుగు రకాలే. కొనుగోలు బిల్లు ఎక్కించినవాడు కంపెనీ రాసినట్టు 2ఆర్ఎస్ అని ఎక్కించాడు. కౌంటర్‌లో అమ్మినవాడు వాడుకలో ఉన్న రబ్బర్ అనే పేరు మీద బిల్లు కొట్టాడు. ఇప్పుడు ఒక పేరు కింద మైనస్ 14, ఇంకో పేరు కింద 14 ఎక్కువ.

ఇక మెకానిక్ వస్తాడు. "బాబూ, 6205 రబ్బర్ది ఉందేటి?" కుర్రాడు తెర మీద చూసి "లేదండీ" అంటాడు. వెనక రాక్‌లో ఇరవై ఉన్నాయి, వేరే పేరుతో. మెకానిక్ పక్క వీధికి వెళ్తాడు. ఇలా పోయిన గిరాకీ ఏ రిపోర్టులోనూ కనిపించదు, లేదని చెప్పినదాన్ని ఎవరూ ఎక్కడా రాయరు కదా. సాయంత్రం ఆ మైనస్ చూసి యజమాని మళ్లీ ఆర్డర్ పెడతాడు. అలా ఒకే తప్పుకి రెండు నష్టాలు.

కారణం సాఫ్ట్‌వేర్ కాదు. కొత్త ఐటెం సృష్టించే అధికారం కౌంటర్‌లో కూర్చున్న ప్రతివాడికీ ఉండటం.

పరిష్కారం ఓపికతో చేయాలి. ఐటెం లిస్టు మొత్తం ఎక్సెల్‌లోకి దించి నంబరు వరసలో పేర్చండి. దాని ముందు కంప్యూటర్ ఆపరేటర్‌ని కాదు, సరుకు తెలిసిన పాత సేల్స్‌మన్‌ని కూర్చోబెట్టండి. ఎందుకంటే ఇక్కడ తప్పుగా కలపడం, కలపకపోవడం కన్నా ప్రమాదం. జెడ్‌జెడ్, 2ఆర్ఎస్ కొలతలు ఒకటే. కానీ మొదటిదానికి రెండు పక్కలా ఇనుప రేకు, రెండోదానికి రబ్బర్ సీలు. నీళ్లు తగిలే చోట జెడ్‌జెడ్ ఇస్తే వారం తిరక్కుండా తగువుకొస్తారు. సీ3 అంటే లోపల సందు కాస్త ఎక్కువ ఉన్నది, వేడెక్కే మోటార్లకి వేసేది. ఇవి ఆపరేటర్‌కి అక్షరాలే, సేల్స్‌మన్‌కి వేర్వేరు సరుకులు.

పేరు రాసే వరస ఒకటి ఖాయం చేయండి: ముందు నంబరు, తర్వాత సీలు, తర్వాత సందు, చివర బ్రాండ్. వాడుక పేర్లని పారేయకండి. సాఫ్ట్‌వేర్‌లో మారుపేరు రాసుకునే గడి ఉంటే రబ్బర్ అనే మాట అక్కడ వేస్తే, కుర్రాడు ఏ పేరుతో వెతికినా దొరుకుతుంది. పాత పేర్లని డిలీట్ చేయొద్దు, వాటి మీద పాత బిల్లులున్నాయి. నిల్వ సరైన పేరుకి మార్చి, పాతదాన్ని వాడకంలోంచి ఆపేయండి. ఆ రోజు నుంచి కొత్త ఐటెం తెరిచే పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండాలి.

తర్వాత లెక్కింపు. మార్చి 31న షట్టర్ దించి, టీలు తాగుతూ అర్ధరాత్రి దాకా లెక్కపెట్టే పద్ధతి ఆడిటర్‌కి సరిపోతుంది, వ్యాపారానికి కాదు. రోజూ పొద్దున్న గిరాకీ మొదలయ్యేలోపు పదిహేను, ఇరవై ఐటెంలు చాలు. ఎక్కువ కదిలేవి ముందు. ఆ రాక్ చూసేవాడు కాకుండా ఇంకొకరు లెక్కపెట్టాలి. తేడా వస్తే అదే రోజు కారణం వెతకండి. ఎక్కువసార్లు దొరికేది దొంగతనం కాదు, "ముందు చీటీ మీద పట్టుకెళ్లండి, బిల్లు తర్వాత కొడదాం" అని ఇచ్చిన సరుకు.

లక్షణం: రిపోర్టులు వస్తాయి, ఎవరూ చూడరు

ఎంట్రీలు రిటర్ను తేదీ దగ్గరపడ్డాక ఒక్కసారిగా ఎక్కిస్తుంటే రిపోర్టు చూసినా లాభం లేదు, అది పోయిన నెల సంగతి. సిస్టంని పన్ను కోసం పెట్టారు కాబట్టి అది పన్ను పనే చేస్తోంది.

ఎంట్రీ ఏ రోజుకారోజు పడేలా చేయండి. ఆ తర్వాత ఒక్క రిపోర్టుతో మొదలుపెట్టండి: ఆరు నెలలుగా ఒక్కటి కూడా అమ్ముడుపోని సరుకు, దాని విలువ. నూటికి రూపాయి వడ్డీ లెక్క వేసినా 10 లక్షల డెడ్ స్టాక్ నెలకి 10 వేలు తినేస్తుంది. గోడౌన్ అద్దె దీనికి అదనం. ఈ అంకె కాగితం మీద కనిపించిన రోజున యజమాని మొహం మారుతుంది, రిపోర్టుల మీద గౌరవం కూడా అప్పుడే వస్తుంది. ఆ సరుకుని కంపెనీకి వాపసు చేస్తారా, తోటి వ్యాపారికి తగ్గించి ఇస్తారా అన్నది మీ ఇష్టం. వచ్చిన డబ్బుతో కదిలే సరుకు ఇంకో రెండు రకాలు పెట్టగలిగితే, ఆటోనగర్‌లో "వాళ్ల దగ్గర దొరుకుద్ది" అన్న పేరు మీకొస్తుంది.

లక్షణం: రేటు ఒకటే, అయినా కస్టమర్ పక్కవాడి దగ్గరికే పోతున్నాడు

రేటు ఇంకా తగ్గించాలేమో అని టెన్షన్ పడేముందు, కస్టమర్ వైపు నుంచి చూడండి. మీ దగ్గర కొనడానికి అతను ఎన్ని ఫోన్లు చేయాలి?

అమెరికాలో ఆసుపత్రులకు దూది, సిరంజిల లాంటివి సరఫరా చేసే అమెరికన్ హాస్పిటల్ సప్లై అనే సంస్థ ఉండేది. 1970ల్లో అది ఆసుపత్రుల స్టోర్స్‌లోనే టెర్మినళ్లు పెట్టించి, అక్కడి నుంచే నేరుగా ఆర్డర్ పెట్టే ఏర్పాటు చేసింది. స్టోర్స్ గుమస్తాకి ఫోన్లు, కాగితాలు తప్పాయి. చేయి అలవాటు పడింది. ఇంకొకరు కాస్త తక్కువకి ఇస్తామన్నా, మళ్లీ పాత కాగితాల బాధలోకి దిగడానికి ఎవరికీ మనసొప్పలేదు. సమాచార వ్యవస్థతో పోటీలో గెలవడం అన్న మాట వచ్చినప్పుడల్లా ఈ కథ చెప్పడం అందుకే.

మన దగ్గర దీనికి టెర్మినళ్లు అక్కర్లేదు. పెద్ద ఫ్యాక్టరీలకి, షిప్‌యార్డు పనులు చేసే వర్క్‌షాపులకి సరుకు వేస్తుంటే, మీ బిల్లు మీద వాళ్ల పీవో (కొనుగోలు ఆర్డర్) నంబరు, ఆ సరుకుకి వాళ్లు పెట్టుకున్న మెటీరియల్ కోడ్ వేయండి. మీ ఐటెం పేరు పక్కన ఒక గడి, అంతే పని. అవతల స్టోర్స్‌లో కూర్చున్నాయన మీ సరుకు దించుకోగానే ఎంట్రీ వేసేస్తాడు. కోడ్ లేని బిల్లు పక్కన పడుంటుంది, దాంతోపాటు చెల్లింపూ పడుంటుంది. ఇంకో మెట్టు ఎక్కగలిగితే, ఏ కస్టమర్ దగ్గర ఏ యంత్రాలున్నాయి, వాటికి ఏ స్పేర్లు, ఎన్నాళ్లకోసారి కొంటున్నారు అన్నది మీ పాత బిల్లుల్లోంచే తీయొచ్చు. గడువు దగ్గర పడగానే వాట్సాప్‌లో ఒక లిస్టు పంపండి. "సార్, పోయినసారి ఈ నెలలోనే తీసుకున్నారు, పంపమంటారా?" ఈ మాట అనగలిగినవాడితో రేటు మీద పోటీ పడటం కష్టం.

చెల్లింపుల మాట వచ్చింది కాబట్టి ఒక్క విషయం. మీరు తయారీదారులో, సర్వీసు ఇచ్చేవారో అయి, ఉద్యమ్ అనే ప్రభుత్వ రిజిస్ట్రేషన్‌లో సూక్ష్మ లేదా చిన్న తరహా సంస్థగా ఉంటే, ఒప్పందం ఉన్నా కూడా కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఉద్యమ్ నంబరు బిల్లు మీద అచ్చయ్యేలా పెట్టి, 30 రోజులు దాటిన బిల్లుల లిస్టు వారానికోసారి తీయండి. ఇది సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు చూపించరు, అడిగి చేయించుకోవాలి.

లక్షణం: రూములు నిండుతున్నాయి, కమీషన్‌కే సగం పోతున్నట్టుంది

బీచ్ రోడ్డు, ఋషికొండ హోటళ్ల ఫిర్యాదు ఇది. కారణం, కస్టమర్ చూసే తెర బుకింగ్ సైటుది, మీ సొంతం కాదు. ఇది కొత్త కథా కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ రిజర్వేషన్ సిస్టంని 1976 నుంచి ట్రావెల్ ఏజెంట్ల దగ్గర పెట్టించింది. తెర మీద తన విమానాలే ముందు కనిపించేవి. ఏజెంట్లు పైన కనిపించినవే ఎక్కువగా బుక్ చేసేవారు. మిగతా విమాన సంస్థలు గగ్గోలు పెడితే, 1984లో అక్కడి ప్రభుత్వం ఆ పక్షపాతం కుదరదని నిబంధన పెట్టింది. తెర ఎవరిదో బేరం వాళ్లది.

బుకింగ్ సైట్లని వదిలేయమని ఎవరూ చెప్పలేరు, కొత్త గెస్టు అక్కడి నుంచే వస్తాడు. రెండోసారి మాత్రం మీ దగ్గరికి నేరుగా రావాలి. పూజా సెలవులకి కలకత్తా నుంచి వచ్చే కుటుంబాలనే తీసుకోండి. ఎంతమంది, అరకు వెళ్లారా, పొద్దున్నే రైలుకి టిఫిన్ కట్టించుకున్నారా అన్నది రిసెప్షన్ రిజిస్టర్‌లో కాక సిస్టంలో ఉంటే, వచ్చే ఏడు సెలవులకి రెండు నెలల ముందే బెంగాలీలో ఒక మెసేజ్ పంపొచ్చు. మెసేజ్ పంపడానికి వాళ్ల అనుమతి రూములో దిగేటప్పుడే తీసుకోండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అది కాకపోయినా అడక్కుండా పంపితే బ్లాక్ చేస్తారు.

లక్షణం: విదేశీ బయ్యర్ అడిగిన దానికి జవాబివ్వడానికి మూడు రోజులు

రొయ్యల ఎగుమతిదారులకి మాత్రమే. యూరప్ బయ్యర్‌కి యాంటీబయాటిక్ అవశేషాల భయం ఎప్పుడూ ఉంటుంది. కార్టన్ మీద లాట్ నంబరు చెప్పి, ఈ వనామీ (రొయ్యల్లో ఒక రకం) ఏ చెరువుది, పట్టుబడికి ముందు పరీక్ష రిపోర్టు ఏది అని మెయిల్ పెడతాడు. ఆ సమాచారం మీ దగ్గర ఉంటుంది. కాకపోతే చెరువు వివరాలు కొనుగోలు ఏజెంట్ ఫోన్‌లో, పరీక్ష కాగితం ఫైల్లో, లాట్ లెక్క ప్లాంటు రిజిస్టర్‌లో. మూడింటినీ కలిపే నంబరు లేదు.

సరుకు గేటు దగ్గర దిగిన క్షణంలోనే చెరువు గుర్తింపు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), పరీక్ష నంబరు ఒకే ఎంట్రీలో పడాలి, లాట్ నంబరు దాంట్లోంచే పుట్టాలి. తర్వాత మీరే పరీక్ష పెట్టుకోండి. కోల్డ్ స్టోరేజ్‌లోంచి ఏదో ఒక కార్టన్ తీసి, దాని చెరువు కనుక్కోమనండి. ఆ చెరువు సరుకు ఇంకా ఏయే కంటైనర్లలో వెళ్లిందో కూడా. గంటలో తేలితే ధర మాట్లాడేటప్పుడు మీ గొంతు వేరుగా ఉంటుంది.

లక్షణం: స్టాఫ్ ఎంట్రీ వేయరు

వాళ్లకి అది రెట్టింపు పని కాబట్టి. పుస్తకంలో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి రాయమంటే ఎవరైనా ఒకటి ఎగ్గొడతారు, ఎగ్గొట్టేది కంప్యూటర్‌నే. పుస్తకం ఆపేయండి. ముందుగా యజమాని పుస్తకం అడగడం మానాలి.

లక్షణం: సిస్టం పోతే షాపు మూత

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. అలాంటప్పుడు ఎవరికి ఎంత అప్పు ఇచ్చామో తెలిసిన షాపే ముందు తలుపు తీస్తుంది. రోజూ ఒక కాపీ క్లౌడ్‌లో, ఒకటి షాపు బయట వేరే డిస్క్‌లో ఉండాలి. అప్పు ఖాతాల లిస్టు వారానికోసారి ప్రింట్ తీసి ఇంట్లో పెట్టండి. నెలకోసారి బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాళ్లని కూడా ఇదే అడగండి: రేపు మేం మానేస్తే మా ఐటెంలు, కస్టమర్లు, పాత బిల్లులు అన్నీ ఎక్సెల్‌లో ఇస్తారా? నోటి మాట సరిపోదు. డెమోలోనే మీ కళ్ల ముందు ఒక ఫైలు దించి చూపించమనండి. చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.