వాచీ చైన్ స్క్రూ తిరగట్లేదా? బలం పెట్టే ముందు ఇది చదవండి

రోలెక్స్, ట్యూడర్, ఒమేగా లాంటి వాచీ చైన్ ఇంట్లోనే తగ్గించుకుందామని కూర్చుని మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం ఇది. కొత్తది షోరూంలో కొంటే మామూలుగా వాళ్లే లింకులు తీసి ఇస్తారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదో దుబాయ్ నుంచి బావగారు తెచ్చిచ్చిందో అయితే ఆ పని మన మీద పడుతుంది. స్ప్రింగ్ బార్ (చైన్‌ని వాచీకి పట్టి ఉంచే స్ప్రింగ్ పిన్ను) తీసి చైన్‌ని వాచీ నుంచి విడదీయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

పొద్దున లూజు, సాయంత్రానికి బిగుతు

లింకు జోలికి వెళ్లకముందు క్లాస్ప్, అంటే చైన్ తెరిచి మూసే కొక్కెం చూడండి, చాలావాటిలో పొడుగు సర్దుకునే ఏర్పాటు అక్కడే ఉంటుంది. దయచేసి చూడండి, ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకుంటున్నారు. రోలెక్స్ సబ్‌మెరైనర్‌లో గ్లైడ్‌లాక్ అనే ఏర్పాటు ఉంటుంది, 2 మి.మీ. చొప్పున దాదాపు 20 మి.మీ. దాకా జరుగుతుంది. రోలెక్స్ వాళ్ల చాలా ఆయిస్టర్ చైన్లలో ఈజీలింక్ అని మడత లింకు ఉంటుంది, తెరిస్తే 5 మి.మీ. పెరుగుతుంది. ట్యూడర్ టీ-ఫిట్ అయితే 8 మి.మీ. వరకు వస్తుంది. మన ఎండలకి మణికట్టు మధ్యాహ్నానికి ఉబ్బుతుంది, పొద్దున్నే ఏసీ గదిలో కొలత చూసి లింకు తీసేస్తే సాయంత్రం మళ్లీ పెట్టుకోవాల్సిందే. సాయంత్రం పూట, క్లాస్ప్‌ని మధ్య స్థానంలో పెట్టి, చైన్ కింద చిటికెన వేలు దూరుతుందో లేదో చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

స్క్రూ అసలు కదలట్లేదు

వాచీలు పాడయ్యేది ఇక్కడే. తుప్పు కాదు, మీ చేతిలో బలం లేక కాదు. చాలా ఖరీదైన వాచీలకి ఫ్యాక్టరీలోనే స్క్రూ మరలకి (చుట్టూ ఉండే మెలికలకి) థ్రెడ్‌లాకర్ అనే గమ్ పెట్టి బిగిస్తారు, గాలి తగలకుండా లోహానికీ లోహానికీ మధ్య ఉన్నప్పుడు గట్టిపడే రకం అది, లాక్‌టైట్ అని వినుంటారు. బయట నుంచి చూస్తే చుక్క కూడా కనిపించదు, అందుకే జనానికి అనుమానం రాదు, స్క్రూ బిగుసుకుపోయిందనుకుని ఇంకొంచెం బలం పెడతారు. అప్పుడు స్క్రూడ్రైవర్ బ్లేడు స్క్రూ తల మీది గాడిలోంచి జారి పక్క లింకు పాలిష్ మీద పొడుగ్గా గీత పడుతుంది, లేదంటే గాడి అంచులు అరిగిపోతాయి, ఇంకా మొండిగా తిప్పితే స్క్రూ తల తెగి చేతికొస్తుంది, మిగతా ముక్క లోపలే ఉండిపోతుంది. నా దగ్గరికి వచ్చే గీతలు పడ్డ చైన్లలో చాలావరకు ఈ బాపతే.

గమ్‌ని వదిలించాల్సింది వేడితో. చైన్‌ని వాచీ నుంచి పూర్తిగా విడదీయండి, ఇందులో రాజీ లేదు, ఎందుకంటే వేడి తగిలితే లోపల రబ్బరు గాస్కెట్లు దెబ్బతింటాయి, ఇక నీళ్లు ఆపవు. తర్వాత గిన్నెలో నీళ్లు బాగా మరిగించి, తీయాల్సిన లింకు మునిగేలా ఐదు నిమిషాలు ఉంచి, బయటికి తీసి తుడిచి వేడి చల్లారకముందే తిప్పండి. చెయ్యి కాలకుండా మందపాటి గుడ్డతో పట్టుకోండి. మొదటిసారి రాకపోతే మళ్లీ ముంచండి, కంగారు పడొద్దు. హెయిర్ డ్రయ్యర్ కూడా పనిచేస్తుంది కానీ టైం పడుతుంది. నీళ్లకి లొంగకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనని శుభ్రంగా తుడిచి స్క్రూ తల మీద మాత్రమే అర నిమిషం ఆనించండి, గమ్ ఉన్న చోటికి వేడి స్క్రూలోంచే వెళ్తుంది. బంగారం చైన్ అయినా, స్టీలూ బంగారమూ కలిసిన టూ-టోన్ అయినా ఐరన్ వాడొద్దు, మొనకి అంటుకున్న టంకం బంగారానికి పట్టేస్తే వదలదు, వాటికి వేడినీళ్లే.

ఇక స్క్రూడ్రైవర్. కళ్లజోడు సెట్టులో వచ్చేవి పనికిరావు. బ్లేడు గాడి పొడుగంతా నిండాలి, గాడి అడుగుదాకా దిగాలి, ఊగకూడదు, అలాగని స్క్రూ తల కన్నా వెడల్పు ఉంటే రంధ్రం అంచుల్ని గీకేస్తుంది. ఆయిస్టర్ చైన్లకి ఎక్కువగా 1.6 మి.మీ. సరిపోతుంది. పక్క లింకులకి టేపు వేసి, చైన్‌ని గాడి తీసిన చెక్కముక్కలో నిలబెట్టి, ముందు కిందికి గట్టిగా అదిమి ఆ తర్వాత మెల్లగా ఎడమ వైపు తిప్పండి. గమ్ వదిలినప్పుడు వేళ్లకి తెలుస్తుంది, చిన్నగా టక్‌మంటుంది, ఆ తర్వాత కూడా స్క్రూ సులువుగా రాదు, పట్టి పట్టి తిరుగుతుంది, బయటికొచ్చాక మరల సందుల్లో పొడిపొడిగా కనిపించేదే ఆ పాత గమ్.

రెండు వైపులా గాడి ఉంటే ఒకసారి ఆగండి. కొన్ని మోడల్స్‌లో రెండు పక్కల నుంచీ స్క్రూలు ఉంటాయి, ఒక వైపు ఒక డ్రైవర్‌తో కదలకుండా పట్టుకుని రెండోవైపు తిప్పాలి, లేకపోతే రెండూ కలిసి గిర్రున తిరుగుతూనే ఉంటాయి.

లింకు తీశాక కొన్ని వారాలకి స్క్రూ బయటికి వస్తోంది

దీనికీ కారణం గమ్మే, ఈసారి లేకపోవడం. విప్పడానికి అంత కష్టపడినవాళ్లు తిరిగి బిగించేటప్పుడు గమ్ పెట్టడం మర్చిపోతారు, రోజంతా చెయ్యి ఊపుడికి స్క్రూ కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చి బైక్ మీద వెళ్తుంటే వాచీ ఎక్కడో జారిపోతుంది. లక్షలు పోసి కొన్న వస్తువు సార్ అది, చుక్క గమ్ దగ్గర బద్ధకించొద్దు. పాత పొడిని సూదితో గీకి, మరల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి, నూనె జిడ్డు ఉంటే గమ్ పట్టదు. లాక్‌టైట్‌లో ఊదా రంగు 222 గానీ నీలం 243 గానీ తీసుకోండి, ఎరుపు రంగుది వద్దు, మళ్లీ విప్పలేరు. ఫెవిక్విక్ లాంటివి అసలే వద్దు, స్టీల్ మీద తెల్లటి పొర వస్తుంది. సూది మొనకి అంటినంత చాలు, అది కూడా మరల మీదే. స్క్రూ మధ్య నున్నటి భాగానికి పారితే ఆ లింకు కదలకుండా బిగుసుకుపోతుంది, లింకు తీశాక చైన్ ఒకచోట మడత పడట్లేదని వచ్చే కంప్లయింట్లు చాలావరకు ఇవే, దానికి మళ్లీ వేడినీళ్లూ విప్పడమూ తప్పదు. బిగించిన వెంటనే లింకుని అటూ ఇటూ ఆడించి, బయటికొచ్చిన గమ్ తుడిచేసి, 24 గంటలు పక్కన పెట్టండి. స్టీల్ మీద ఇది నిదానంగా ఆరుతుంది.

క్లాస్ప్ ఒక పక్కకి పోతోంది

లింకులన్నీ ఒకే వైపు తీశారు. డయల్ మీద 12 ఉన్న వైపు, 6 ఉన్న వైపు సమానంగా తీయండి, బేసి సంఖ్య వస్తే ఎక్కువది 6 వైపు నుంచి తీసి పెట్టుకుని చూడండి.

స్క్రూ లేదు, బాణం గుర్తు ఉంది

చాలా సీకోలు, పాత ఒమేగాలు ఇలా ఉంటాయి. బాణం చూపించే వైపుకి పిన్ను తోయాలి, పెట్టేటప్పుడు ఎదురు దిశలో. కొన్నిటిలో లోపల ఆవగింజంత గొట్టం ఉంటుంది, వాటిలో పిన్ను పట్టు అంతా దానిదే, కింద తెల్లగుడ్డ పరిచి పనిచేయండి, అది పోతే పిన్ను నిలవదు. 2018 నుంచి వస్తున్న కార్టియే సాంటోస్‌కైతే టూలే అక్కర్లేదు, లింకు వెనక బటన్ నొక్కితే వస్తుంది.

సముద్రపు ఉప్పు పేరుకోవడం, మరలు అడ్డంగా ఎక్కడం లాంటివి అరుదు, వాటి గురించి బుర్ర పాడుచేసుకోకండి. తల తెగిన స్క్రూ మాత్రం ఇంట్లో డ్రిల్లు పెట్టి తీయొద్దు, ఆ లింకు, తెగిన తల రెండూ కవర్లో వేసి సర్వీస్ సెంటర్‌కి ఇచ్చేయండి.