కెర్నెల్ అప్‌డేట్ పెట్టాక సిస్టమ్ లేవకపోతే: సమస్య, కారణం, పరిష్కారం

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు మనవాళ్ల ఇళ్లలో, డీటీపీ షాపుల్లో ఉన్న కొన్ని లైనక్స్ సిస్టమ్‌లను నేనే చూస్తుంటాను. ఎక్కువ భాగం పాత ల్యాప్‌టాప్‌లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. మంచి స్థితిలో ఉన్న యంత్రాన్ని పారేయడానికి మనసొప్పక లైనక్స్ మింట్‌కో ఉబుంటుకో మారినవాళ్లు వీళ్లు. వాడకం బాగానే ఉంది. ఒక్క అప్‌డేట్ దగ్గరే అందరికీ టెన్షన్. ఒకసారి నల్ల తెర చూశాక చాలామంది అప్‌డేట్లనే ఆపేసి కూర్చుంటున్నారు.

అలా ఆపేయకండి. 2022లో డర్టీ పైప్ అనే లోపం బయటపడింది. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, 5.8 వెర్షన్ నుంచి అది ఉంది. సిస్టమ్‌లో మామూలు యూజర్‌గా లాగిన్ అయినవాడు కూడా, తనకు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌ను మార్చేయగలడు. అలా మొత్తం సిస్టమ్‌నే చేతిలోకి తీసుకోవచ్చు. పదిమంది చేతులు పడే షాపు కంప్యూటర్‌కు ఇది చిన్న విషయం కాదు. ఆ రంధ్రం మూసింది ఒక మామూలు కెర్నెల్ అప్‌డేటే.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కెర్నెల్ అప్‌డేట్ పాత కెర్నెల్‌ను తుడిచేసి దాని చోట కూర్చోదు. కొత్తది పాతదాని పక్కన చేరుతుంది. కొత్తది మొరాయిస్తే నిన్నటిదాకా పనిచేసిన పాతది అక్కడే ఉంటుంది. కింద చెప్పే పరిష్కారాల్లో చాలావాటికి ఇదే ఆధారం.

ఆదేశాలను ఫోన్‌లో చెప్పినట్టే, పలికేలా రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. గీతలు, ఖాళీలు ఉన్నవి ఉన్నట్టే పెట్టండి. ఇవన్నీ ఉబుంటు, మింట్‌లకు సరిపోతాయి.

నల్ల తెర మీద అక్షరాలు వచ్చి ఆగిపోయింది

కాశీనగర్‌లో డీటీపీ చేసే మా బావ దగ్గర్నుంచి ఒకరోజు పొద్దున్నే ఫోన్. "ఏటి బావా ఇది, తెరంతా ఇంగ్లిష్ అక్షరాలే. మధ్యాహ్నానికి పెళ్లికార్డు ఇచ్చేయాల." ఆఖరి వరుసలు చదవమన్నాను. "కెర్నెల్ ప్యానిక్, నాట్ సింకింగ్, వీఎఫ్ఎస్, అనేబుల్ టు మౌంట్ రూట్" అంటూ కూడబలుక్కుని చదివాడు. వీఎఫ్ఎస్ అనగానే సగం అర్థమైపోయింది.

అక్కడ జరిగేది ఇది. కెర్నెల్ లేచాక డిస్కును తెరవడానికి కావలసిన డ్రైవర్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న మూటలో ఉంటాయి. ప్రతి కెర్నెల్‌కూ ఒక మూట. అది బూట్ ఫోల్డర్‌లో ఉంటుంది, ఒక్కోటి వంద ఎంబీ చుట్టుపక్కల ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే బూట్‌కు విడిగా ఒక చిన్న భాగం కేటాయిస్తారు. పాత కెర్నెళ్లు పేరుకుపోయి ఆ భాగం నిండిపోతే, కొత్త కెర్నెల్ చేరుతుంది గానీ దాని మూట కట్టడానికి చోటు ఉండదు. మూట లేని కెర్నెల్ డిస్కును కనుక్కోలేక అక్కడే ఆగిపోతుంది. మీ ఫైళ్లకు ఏమీ కాలేదు. బావ పెళ్లికార్డూ డిస్కులో భద్రంగానే ఉంది.

ముందు పాత కెర్నెల్‌తో లేపాలి. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి, మళ్లీ ఆన్ చేయండి. కంపెనీ లోగో కనబడుతుండగానే, యంత్రాన్ని లేపే ప్రోగ్రామ్ పాత బయోస్ రకమైతే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. కొత్త యూఈఎఫ్‌ఐ రకమైతే ఎస్కేప్‌ను ఒక్కసారి తట్టండి. ఏ కెర్నెల్‌తో లేవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. కంగారులో టకటకా కొడితే మెనూ దాటిపోయి గ్రబ్ అని రాసి ఉన్న ఖాళీ తెరలో పడతారు. అక్కడ రీబూట్ అని టైప్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. మెనూలో రెండో వరుస అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. దానిలోకి వెళ్తే కెర్నెళ్లన్నీ వరుసగా కనబడతాయి. పైనుంచి కిందికి కొత్తవి, తర్వాత పాతవి. రికవరీ మోడ్ అని లేని వరుసల్లో, మొదటిదాని తర్వాత వచ్చేదాన్ని ఎంచుకోండి. డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. బావ ఇక్కడిదాకా వచ్చి, ముందు కార్డు ప్రింట్ చేసుకున్నాడు. మిగతాది భోజనాలయ్యాక చూసుకున్నాం.

డెస్క్‌టాప్ వచ్చాక టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి "డీఎఫ్ -హెచ్ /బూట్" కొట్టండి. యూజ్ శాతం దగ్గర 100 కనబడితే కారణం దొరికినట్టే. "యూనేమ్ -ఆర్" కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ నంబరు వస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. ఆ నంబరున్న దేన్నీ ముట్టుకోకూడదు.

తర్వాత "సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్". నడుస్తున్నదాన్ని, కొత్తదాన్ని ఉంచి, అక్కర్లేని పాతవాటిని ఇది తీసేస్తుంది. ఒక్కోసారి చోటు లేక ఇది కూడా మొరాయిస్తుంది. అప్పుడు "డీపీకేజీ -ఎల్ 'లైనక్స్-ఇమేజ్*'" కొట్టండి. మొదట ఐఐ అని ఉన్న వరుసల్లో అన్నిటికన్నా చిన్న నంబరున్నది చూసుకోండి. "సుడో డీపీకేజీ --పర్జ్" తర్వాత దాని మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా పేరు (ఇమేజ్ అన్నచోట మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా, నంబరు అదే), ఇమేజ్ పేరు ఒకే వరుసలో ఇవ్వండి. విడివిడిగా ఇస్తే ఒకదానికొకటి అడ్డుపడతాయి. బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లను చేత్తో డిలీట్ చేయడం మాత్రం వద్దు. అలా తీస్తే ప్యాకేజీల లెక్క తప్పి మరిన్ని చిక్కులు వస్తాయి.

చోటు దొరికాక "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ". ఆగిపోయిన పని ఇక్కడ పూర్తవుతుంది, మూట కూడా చాలాసార్లు ఇప్పుడే తయారవుతుంది. అవ్వకపోతే "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -సీ -కే" అని, పక్కన కొత్త కెర్నెల్ నంబరు ఇవ్వండి. చివరగా "సుడో అప్‌డేట్-గ్రబ్", రీస్టార్ట్.

ఇది మళ్లీ రాకుండా మింట్‌లో ఒక చిన్న ఏర్పాటు ఉంది. అప్‌డేట్ మేనేజర్ ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ కింద, పాతబడిన కెర్నెళ్లను తీసేయమనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. నేను సర్దిన ప్రతి యంత్రంలో మొదట చేసే పని ఇదే.

బూట్‌లో చోటు ఉండి కూడా కొత్త కెర్నెల్ లేవకపోతే, తప్పు కెర్నెల్‌దే కావచ్చు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ లోపం కోసం ఉబుంటు 16.04కి వచ్చిన 4.4.0-108 కెర్నెల్‌తో కొన్ని యంత్రాలు బూట్ కాలేదు. వెంటనే 109 వచ్చి సరిచేసింది. అలాంటప్పుడు పాతదానితో నడుపుకుంటూ, తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా ఆగడమే మంచి పద్ధతి. మొత్తం ఫార్మాట్ కొట్టించుకోకండి.

అప్‌డేట్ అయింది, వైఫై మాయమైంది

వైఫై గుర్తే కనబడదు. లేదా యూఎస్‌బీ వైఫై డాంగిల్ లైటే వెలగదు. పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే మాత్రం చక్కగా పనిచేస్తుంది. అలా అయితే వైఫై కార్డు పాడవలేదు.

కొన్ని బ్రాడ్‌కామ్ కార్డుల, కొన్ని రియల్‌టెక్ డాంగిళ్ల డ్రైవర్లు కెర్నెల్‌లో భాగంగా రావు. బయటినుంచి వస్తాయి. ప్రతి కొత్త కెర్నెల్‌కూ వాటిని మళ్లీ తయారుచేయాలి. ఆ పని డీకేఎంఎస్ అనే సాధనం చేస్తుంది. దానికి కొత్త కెర్నెల్ హెడర్లు, అంటే డ్రైవర్ కట్టడానికి వాడే ఫైళ్లు, కావాలి. అవి దిగకపోతే డ్రైవర్ తయారవ్వదు. ఎవరో వచ్చి నెట్‌లోంచి డ్రైవర్ దించి డీకేఎంఎస్ లేకుండా చేత్తో ఎక్కించి వెళ్లుంటే, ప్రతి కెర్నెల్ అప్‌డేట్‌కూ వైఫై పోతూనే ఉంటుంది.

నెట్ లేకుండా నెట్ ఎలా బాగుచేయాలి అని అందరూ అడుగుతారు. ఫోన్‌ను ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. డేటా పంపే కేబుల్ అయ్యుండాలి, ఉత్త ఛార్జింగ్ వైరు పనికిరాదు. తర్వాత "సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ లైనక్స్-హెడర్స్-జెనరిక్". మీ కెర్నెల్ హెచ్‌డబ్ల్యూఈ (కొత్త హార్డ్‌వేర్ కోసం వెర్షన్ మారుతూ పోయే) రకమైతే, ఉబుంటు 24.04లో అదే పేరు చివర -హెచ్‌డబ్ల్యూఈ-24.04 చేర్చాలి. ఆపై "సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్", రీస్టార్ట్. "డీకేఎంఎస్ స్టేటస్" కొట్టి మీ కెర్నెల్ నంబరు ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో చూసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా డ్రైవర్ ఎక్కకపోతే సెక్యూర్ బూట్ (అనుమతి లేని డ్రైవర్లను అడ్డుకునే ఏర్పాటు) చూడాలి. డ్రైవర్ పెట్టేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో ఒక నీలం తెర వస్తుంది. మనవాళ్లు దాన్ని చూసి వైరస్ అనుకుని భయపడతారు. పది సెకన్లలో ఏ మీటా నొక్కకపోతే అదే వెళ్లిపోతుంది, డ్రైవర్‌కు అనుమతి మాత్రం దొరకదు. అక్కడ ఏదో ఒక మీట నొక్కి, ఎన్‌రోల్ మోక్, తర్వాత కంటిన్యూ, యెస్ ఎంచుకుని, ముందు పెట్టిన పాస్‌వర్డే ఇవ్వండి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. ఉబుంటు 24.04 మొదట 6.8 కెర్నెల్‌తో వచ్చింది. హెచ్‌డబ్ల్యూఈ దారిలో అది 6.11కి, 6.14కి మారుతూ పోయింది. ఆ దారి కొత్త హార్డ్‌వేర్ కొన్నవాళ్ల కోసం. ఎనిమిదేళ్ల ల్యాప్‌టాప్‌కు దాంతో కలిసొచ్చేదేమీ ఉండదు, పైగా పాత డ్రైవర్ కొత్త కెర్నెల్‌తో కుదరని ప్రమాదం ఒకటి. లైనక్స్-జెనరిక్ ప్యాకేజీతో 6.8లోనే ఉండండి. భద్రతా సవరణలు దానికీ 2029 దాకా అందుతాయి.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను కుదిపేసినప్పటి చీకటి అందరికీ గుర్తే. కానీ కంప్యూటర్‌కు అంత పెద్ద తుఫాను అక్కర్లేదు, వేసవి సాయంత్రం ఒక గాలివాన చాలు. బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే పని సగంలో ఆగిపోతుంది.

తర్వాత డెస్క్‌టాప్ వచ్చి, ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా డీపీకేజీ ఇంటరప్టెడ్ అంటే, "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", ఆ తర్వాత "సుడో ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్". చాలావరకు వీటితోనే సరిపోతుంది.

డెస్క్‌టాప్ రాకుండా, బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని చూపించి ఆగితే, చాలావరకు డిస్కులో రాత చెదిరిందని అర్థం. అక్కడ ఎగ్జిట్ అని కొట్టండి. ఏ భాగానికి ఎఫ్‌ఎస్‌సీకే (డిస్కు తనిఖీ) చేయాలో అదే పేరుతో చెబుతుంది. ఉదాహరణకు ఎస్‌డీఏ2 అంటే, "ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2". అది పూర్తయ్యాక రీబూట్. మాటిమాటికీ ఇదే వస్తుంటే డిస్కు ముసలిదైపోయి ఉండొచ్చు. ముందు ఫొటోలు, కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

మన వైపు కరెంటుకూ, ఫోన్ డేటాకూ కలిపి నేను పాటించే ఉపాయం, దించడం వేరు, ఎక్కించడం వేరు చేయడం. కెర్నెల్, మాడ్యూళ్లు, హెడర్లు కలిపితేనే వంద ఎంబీ దాటుతుంది. రోజు డేటా మిగిలిన రాత్రి "సుడో ఏపీటీ అప్‌డేట్", తర్వాత "సుడో ఏపీటీ ఫుల్-అప్‌గ్రేడ్ --డౌన్‌లోడ్-ఓన్లీ". సిగ్నల్ పోయి మధ్యలో ఆగినా ఏమీ పాడవదు, మళ్లీ కొడితే కొనసాగుతుంది. మర్నాడు కరెంటు నిలకడగా ఉన్నప్పుడు చివరి మాట తీసేసి అదే ఆదేశం ఇవ్వండి. నెట్ అక్కర్లేకుండానే ఎక్కేస్తుంది.

కుడ్ నాట్ గెట్ లాక్ అంటోంది

వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోంది. పావుగంట ఆగండి. ఆ లాక్ ఫైల్‌ను డిలీట్ చేయమని ఎవరు చెప్పినా వినకండి.

అప్‌డేట్ చేశాను, నంబరు మాత్రం పాతదే

మొదటి కారణం రీస్టార్ట్ చేయకపోవడం. మూత వేసి, మూత తీసి నెలల తరబడి వాడేవాళ్లు చాలామంది. కొత్త కెర్నెల్ డిస్కులో ఉంటుంది, నడిచేది మాత్రం పాతదే. అంటే పాత రంధ్రాలు తెరిచే ఉన్నట్టు. స్లీప్ లెక్కలోకి రాదు, రీస్టార్టే చేయాలి.

రెండోది సమస్యే కాదు. లైనక్స్ కెర్నెల్ కొత్త వెర్షన్ తొమ్మిది, పది వారాలకొకటి వస్తుంది. మీ సిస్టమ్‌లో 6.8 అనే ఉంటే వెనకబడ్డామని కంగారుపడొద్దు. భద్రతా సవరణలను ఉబుంటు తన పాత వెర్షన్‌లోకే తెచ్చి కలుపుతుంది. 6.8.0 తర్వాత గీత పక్కన ఉన్న అంకె పెరుగుతూ ఉంటే చాలు.

నాట్ వ్యాలిడ్ యెట్ అని తిరస్కరిస్తోంది

గడియారం చూడండి. తేదీ ఎక్కడో వెనక్కి పోయి ఉంటుంది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్ 2032 రకం, వాచీలు బాగుచేసే దుకాణంలో దొరుకుతుంది. ఈలోపు నెట్ కలిపి రెండు నిమిషాలు ఆగితే తేదీ దానంతటదే సర్దుకుంటుంది, అప్పుడు అప్‌డేట్ కొట్టండి.

404 నాట్ ఫౌండ్ వరుసగా వస్తోంది

మీ ఉబుంటు వెర్షన్‌కు కాలం తీరిపోయి ఉంటుంది. ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండేది) అని లేని వెర్షన్‌లకు తొమ్మిది నెలలే సపోర్ట్. 23.10కి 2024 జులైలోనే ఆగిపోయింది. తర్వాత వాటి ఫైళ్లను వేరే సర్వర్‌కు తరలిస్తారు, కొత్త కెర్నెళ్లు ఇక రావు. డాక్యుమెంట్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని ఎల్‌టీఎస్ వెర్షన్ తాజాగా ఎక్కించుకోండి. డీటీపీ షాపువాళ్లు ఒడియా, తెలుగు ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకోవడం మర్చిపోకండి. అది యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉంటుంది, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే కనబడుతుంది.