పందుల దాణాకు గింజ: కొనేముందు ఏం కొలవాలి, కొన్నాక ఎలా మెరుగుపరచాలి

బెంగళూరు చుట్టూ, హోస్కోటె, ఆనేకల్, చింతామణి వైపు పందుల ఫారాలు నడుపుతున్న మనవాళ్లలో కొందరు హోటళ్ల మిగులు అన్నంతో మొదలుపెట్టి, 2020లో మిగులు తిండి ద్వారా కూడా సోకే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల రోగం దేశంలోకి వచ్చాక ఆ తిండి మీద భయం పట్టుకుని గింజల దాణాకు మారారు. నేనూ ఆ దారిలోనే వచ్చాను. గింజకు మారితే రోగభయం తగ్గుతుంది గాని ఖర్చు పెరుగుతుంది. పంది పెంపకానికయ్యే ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా దాణాకే పోతుంది, ఆ దాణాలో సగానికి పైగా గింజే ఉంటుంది. కాబట్టి క్వింటాలు ధర ఒక్కటే చూసి గింజ కొనేవాడు తాను దేనికి డబ్బు కడుతున్నాడో తెలియకుండానే కడుతున్నట్టు లెక్క.

ముందుగా పేర్ల సంగతి. ఇక్కడి మండీల్లో మొక్కజొన్నను 'ముసుకిన జోళ' అంటారు, ఉత్త 'జోళ' అంటే జొన్న. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవారి చెవికి ఆ మాట 'చోళ్లు' లాగా వినిపించి రాగులనుకున్నా ఆశ్చర్యం లేదు. ఫోనులో బేరం ఆడేటప్పుడు ఈ మూడింటినీ విడమరచి చెప్పించుకోండి, ఎందుకంటే వాటి పోషక విలువలు ఒకటి కావు.

కొలత నమూనాతో మొదలవుతుంది, చాలా మంది తప్పు చేసేదీ అక్కడే. ఒక అక్టోబరులో ఇక్కడి వానల మధ్య నలభై బస్తాల మొక్కజొన్న దింపించుకున్నాను. పైనున్న బస్తాలో చెయ్యి పెట్టి చూస్తే గింజ గలగలలాడింది. అడుగు వరుసల్లోది మాత్రం ముద్దగట్టి ఉందని వారం తరువాత విప్పితే గాని తెలియలేదు. వ్యాపారిని అడిగితే "మీరు చూసే కదా తీసుకున్నారు" అన్నాడు. నిజమే, నేను చూసింది ఒక్క బస్తానే. అప్పటినుంచి పది బస్తాల లోపైతే అన్నింటినీ, వంద దాకా ఉంటే కనీసం పదింటిని, వేర్వేరు వరుసల నుంచి ఎంచి, బస్తాలోకి గుచ్చి గింజ తీసే ఇనుప గొట్టంతో లోపలి గింజను తీస్తున్నాను. అలా వచ్చిన గింజంతా ఒక పట్టా మీద కుప్ప పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచి మిగతావి తీసేయాలి. చేతిలో కిలో, రెండు కిలోలు మిగిలేదాకా ఇలాగే చేస్తూ పోతే, ఆ కిలో మొత్తం సరుకుకు ప్రతినిధి అవుతుంది.

రెండో పని తేమ కొలవడం. మొక్కజొన్న నిల్వకు 12, 13 శాతం తేమ భద్రం, 14 దాటితే బూజుకు తలుపు తెరిచినట్టే. తేమ మీటరు ఉంటే మంచిది, లేకపోతే ఒక పాత పద్ధతి ఉంది. బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు గింజ పోసి, పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి ఒక నిమిషం గట్టిగా ఊపి, పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ సుమారు 15 శాతానికి పైనున్నట్టు, పొడిగా కిందికి జారితే అంతకు తక్కువ ఉన్నట్టు. ఇది అంకె చెప్పదు, 14, 15 మధ్య ఉన్నదాన్ని పట్టుకోదు కూడా, కాని మరీ తడి సరుకును వద్దనడానికి పనికొస్తుంది.

తేమకు ధరతో ఉన్న సంబంధం కాగితం మీద వేసుకుంటేనే కళ్లకు కడుతుంది. 12 శాతం తేమ ఉన్న క్వింటాలులో ఎండు పదార్థం 88 కిలోలు, 18 శాతం తేమ ఉన్నదానిలో 82 కిలోలు. మొదటిదాని ధర 2400 రూపాయలనుకుంటే, రెండోదానికి 2236 రూపాయలకు మించి ఇవ్వడం అంటే నీళ్లకు డబ్బు కట్టడమే. ఎండబెట్టే కూలీ, తరుగు, బూజు ప్రమాదం ఇందులో కలపలేదు. బీరు తయారీ కేంద్రాల నుంచి వచ్చే బార్లీ పిప్పి బెంగళూరులో సులువుగా దొరుకుతుంది, దానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. కిలో పిప్పిని బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టి తూస్తే పావు కిలో కూడా మిగలకపోవచ్చు. ఆ మిగిలినదానిలో మాంసకృత్తులు బాగానే ఉంటాయి, పీచూ ఎక్కువే. పీచును పశువు అరిగించుకున్నట్టు పంది అరిగించుకోలేదు కనుక దాన్ని ఎదిగిన పందులకు కొద్దిగా ఇవ్వాలే తప్ప పిల్లల ముందు పోయకూడదు.

ఇక లీటరు బరువు. ఖాళీ లీటరు డబ్బాలో గింజను నొక్కకుండా పోసి, పైన కర్రతో సమం చేసి తూచండి. ఎండిన మంచి మొక్కజొన్న 700 గ్రాములకు పైనే తూగుతుంది. బాగా తక్కువ తూగితే తాలు గింజలు, పురుగు తిన్నవి, ముదరకముందే కోసినవి ఉన్నాయని అర్థం.

పైవన్నీ ఇంట్లో చేసుకునేవి. మాంసకృత్తుల లెక్కకు మాత్రం ప్రయోగశాలకు పంపాల్సిందే. 1883లో డెన్మార్క్‌కు చెందిన యోహాన్ కెల్డాల్ బీరు తయారీకి వాడే గింజల కోసం రూపొందించిన పద్ధతే ఇప్పటికీ ఆధారం. నమూనాలోని నత్రజనిని కొలిచి, దాన్ని 6.25తో హెచ్చవేసి మాంసకృత్తుల శాతం చెబుతారు. దీనిలో ఒక లొసుగు ఉంది. యూరియాలోనూ నత్రజని ఉంటుంది కాబట్టి నూనె తీయగా మిగిలే సోయా, వేరుశనగ వంటి చెక్కలో యూరియా కలిపినా ఈ అంకె పెరుగుతుంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను వాడుకుంటాయి గాని పందికి అది పనికిరాదు. అందువల్ల చెక్క పంపేటప్పుడు యూరియా పరీక్ష కూడా చేయమని రాయండి. ఆడుగోడిలో జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ, హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉన్న నగరం ఇది. సలహా కోసం అక్కడి నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు నమూనాతో పాటు మీరు ఇప్పుడు కలుపుతున్న దాణా వివరం కూడా రాసుకుని వెళితే మాట త్వరగా తెగుతుంది.

అయితే మాంసకృత్తుల శాతం చూసి తృప్తి పడకూడదన్నదే నేను గట్టిగా చెప్పదలచిన సంగతి. పందికి కావలసింది మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు, గింజల దాణాలో వాటిలో మొదట కొరతపడేది లైసిన్. మొక్కజొన్నలో 8, 9 శాతం మాంసకృత్తులున్నా లైసిన్ 0.25 శాతం దగ్గరే ఆగిపోతుంది, సోయా చెక్కలో అది 2.8 శాతం దాకా ఉంటుంది. వంద కిలోల దాణాలో మొక్కజొన్న 60, సోయా చెక్క 20, గోధుమ తవుడు 17, లవణాలు, ఉప్పు వగైరా 3 కిలోలు వేశామనుకుందాం. మాంసకృత్తులు 16 శాతం పైనే వస్తాయి, చూడటానికి బాగానే ఉంటుంది. లైసిన్ లెక్క కట్టండి: మొక్కజొన్న నుంచి 150 గ్రాములు, సోయా నుంచి 560, తవుడు నుంచి దాదాపు 95, మొత్తం 805 గ్రాములు, అంటే 0.8 శాతం. ఇరవై నుంచి యాభై కిలోల మధ్య పెరిగే పందికి 0.95 శాతం దాకా కావాలి. లోటు 145 గ్రాములు. బజారులో దొరికే లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడిలో అసలు లైసిన్ 78 శాతం కాబట్టి 186 గ్రాములు తూచి, ముందు రెండు కిలోల పిండిలో కలిపి, తరువాత మొత్తంలో కలపాలి. ఇంత చిన్న మోతాదును నేరుగా వంద కిలోల కుప్ప మీద చల్లితే ఒక పందికి ఎక్కువ, ఇంకోదానికి శూన్యం అందుతుంది.

గింజలోనే లైసిన్ పెంచే దారి కూడా ఉంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1960ల్లో ఓపేక్-2 అనే జన్యువు మొక్కజొన్నలో లైసిన్‌ను బాగా పెంచుతుందని కనుగొన్నారు. ఆ గింజ మెత్తగా ఉండి పురుగుకు సులువుగా చిక్కేది. దాన్ని గట్టి గింజగా తీర్చిదిద్దినందుకు సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్ 2000లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. హెచ్‌క్యూపీఎం-1 వంటి మన దేశపు సంకరాలు ఆ కోవలోవే. సొంత పొలం ఉన్నవారు వేసుకోవచ్చు గాని, పక్క పొలంలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి పడిన గింజలో ఆ గుణం పోతుంది కాబట్టి, దూరమైనా పాటించాలి, పూత సమయమైనా తేడా ఉండేలా విత్తాలి.

జొన్న చవకగా దొరికినప్పుడు టానిన్ అనే వగరు పదార్థం సంగతి చూసుకోవాలి. టానిన్ ఉన్న గింజ మాంసకృత్తులను అరగనివ్వదు. గింజ పైరంగును బట్టి తేల్చడం నమ్మదగిన పని కాదు, ఎర్రజొన్నలోనూ టానిన్ లేనివి ఉంటాయి. దుకాణంలో దొరికే బట్టల బ్లీచింగ్ ద్రవంలో కొద్దిగా కాస్టిక్ సోడా కరిగించి, చేతికి తొడుగులు వేసుకుని, ఒక గాజు గ్లాసులో గుప్పెడు గింజలను ఇరవై నిమిషాలు నానబెట్టి కడిగి చూడండి. టానిన్ పొర ఉన్న గింజ నిండా నల్లబడుతుంది, లేనిది తెల్లగానో లేతగానో మిగులుతుంది. పక్కనే తెలిసిన తెల్లజొన్నను కూడా నానబెడితే పోల్చుకోవడం సులువు. పరీక్షించిన గింజను మేతలో కలపకుండా పారవేయాలి.

బియ్యపు తవుడులో 12 నుంచి 15 శాతం నూనె ఉండటం దాని బలం, అదే బలహీనత కూడా. మిల్లు ఆడిన కొద్ది రోజులకే ముక్క వాసన మొదలవుతుంది, కనుక వారానికి సరిపడా మాత్రమే తేవాలి. గ్లాసు నీళ్లలో చెంచా తవుడు కలిపి వదిలితే ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుక్కు చేరుతుంది.

బూజు దగ్గర మాత్రం పొదుపు చూడకూడదు. పైన చెప్పిన తడి మొక్కజొన్నలో పైకి మంచిగా కనిపించిన భాగాన్ని ఏరి పెట్టాను. మూడో వారంలో ఇంకా చూలుకట్టని ఆడపందులకు ఎద లేకుండానే మానం ఎర్రబడి ఉబ్బింది. ఫ్యుజేరియం బూజు చేసే జియరలెనోన్ విషానికి అది గుర్తు అని పశువైద్యుడు చెప్పాడు. యూరోపియన్ కమిషన్ 2006లో సూచించిన హద్దు, పిల్లలకూ చూలుకట్టని ఆడపందులకూ ఇచ్చే పూర్తి దాణాలో కిలోకు 0.1 మిల్లీగ్రాములు, తల్లులకూ పెరిగే పందులకూ 0.25. అదే జాతి బూజు చేసే మరో విషం డీఆక్సినివాలెనోల్ 0.9 దాటకూడదని కూడా చెప్పింది, అది ఎక్కువైతే పంది మేత మానేస్తుంది, కక్కుతుంది. వేరుశనగ చెక్కలో చూడవలసింది కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్. వేయించినా ఉడకబెట్టినా ఈ విషాలు పోవు. బెంటొనైట్ మట్టి అఫ్లటాక్సిన్‌ను బాగా పట్టుకుంటుంది గాని మిగతా రెండింటి మీద దాన్ని నమ్ముకోలేము. విషం వెయ్యి గింజల్లో కొన్నింటిలోనే ఉండవచ్చు కాబట్టి, ఈ పరీక్షకు కిలో, రెండు కిలోలతో ఆగకుండా ఐదు కిలోలు తీసి, అంతా పిండిగా ఆడించి, కలిపి, అందులోంచి నమూనా తీయాలి. సరుకు తెచ్చాక తూర్పారబట్టి, జల్లించి, నూకా దుమ్మూ తీసేయడం వల్ల విషం గణనీయంగా తగ్గుతుంది, ఎందుకంటే అది పగిలిన గింజలోనూ పొడిలోనూ ఎక్కువ పోగవుతుంది.

మంచి గింజ చేతికొచ్చాక మెరుగుపరచడానికి అన్నిటికన్నా చవకైన సాధనం పిండిమర. కణాల సగటు పరిమాణం 600 నుంచి 700 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వచ్చేలా ఆడిస్తే అరుగుదల పెరుగుతుంది, ప్రతి 100 మైక్రాన్ల తగ్గుదలకు మేత వినియోగం సుమారు ఒక శాతం బాగుపడుతుంది. మరీ మైదాలా చేస్తే కడుపులో పుండ్లు పడతాయి, పిండి ఎగిరి దగ్గు పుడుతుంది. వేళ్ల మధ్య నలిపితే గరుకుగా తగలాలి, పూర్తి గింజ ఒక్కటీ కనిపించకూడదు. మరలో జల్లెడ మూడు మిల్లీమీటర్ల రంధ్రాలదైతే చాలావరకు సరిపోతుంది. మరలో గింజను కొట్టే సుత్తులు అరిగితే అదే జల్లెడతో పిండి ముతకబడుతుంది. మా మర నెలకోసారి చూస్తున్నాను, ఎందుకో ఎప్పుడూ ఆదివారమే చెడిపోతుంది.

గింజల్లోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో చిక్కుకుని ఉంటుంది, పంది దాన్ని విడదీసుకోలేదు. కిలో దాణాకు 500 యూనిట్ల చొప్పున దాన్ని విడదీసే ఫైటేజ్ అనే ఎంజైమును కలిపితే 0.1 శాతం దాకా భాస్వరం విడుదలవుతుంది, ఆ మేరకు భాస్వరం కోసం దాణాలో వేసే డైకాల్షియం ఫాస్ఫేట్ తగ్గించవచ్చు. తగ్గించకపోతే ఫైటేజ్ డబ్బు దండగే.

ఇన్ని కొలతల తరువాత చివరి కొలత కాటా మీద. ఒకే ఈత పిల్లలను బరువు సరిచూసి రెండు గదుల్లో ఉంచి, ఒక గదికి పాత దాణా మిశ్రమం, రెండోదానికి కొత్తది నాలుగు వారాలు పెట్టండి. రోజూ వేసిన దాణాను, తొట్టిలో మిగిలినదాన్ని తూచి రాయండి. మొదటి రోజు, చివరి రోజు పందులను ఉదయం మేతకు ముందు తూచండి. తిన్న దాణాను పెరిగిన బరువుతో భాగించగా వచ్చిన అంకె, ఉదాహరణకు 3.1 ఒకవైపు, 2.9 మరోవైపు ఉంటే, అరవై కిలోలు పెరిగే పందికి పన్నెండు కిలోల దాణా తేడా. లైసిన్ పొడి, ఫైటేజ్, అదనపు ఆడింపు కూలీ అంతా కలిపి ఆ పన్నెండు కిలోల దాణా ధరకు లోపలే ఉందో లేదో మీ ఫారం లెక్కపుస్తకంలోనే తెలుస్తుంది.